పెద్దమ్మ పేరు మీద సీటు

మొన్న ఒక అమ్మాయి మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. గ్రంథాలయంలో కొత్తగా ఉద్యోగం వచ్చిందట. కాళ్లకు దండం పెట్టి, కుర్చీలో కూర్చొని, "మేడం, మీ కాలంలో కష్టం గానీ ఇప్పుడేముంది, అంతా ఆన్‌లైనే కదా. డేటా చూసుకుంటే చాలంట" అంది. నోట్లో పెట్టుకున్న మైసూర్‌పాకు మింగడానికి నాకు కాసేపు పట్టింది. శుభమా అని ఇంటికొచ్చిన పిల్లను కోప్పడటం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆమెకు చెప్పాల్సింది ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. రాస్తుంటే కూడా ఒళ్లు మండుతూనే ఉంది, అక్కడక్కడ మర్యాద తప్పితే సర్దుకోండి.

మాది గద్వాల, మగ్గం ఉన్న ఇల్లు. లైబ్రేరియన్ ఉద్యోగం వనపర్తిలో మొదలైంది. మా ఊళ్లోనే చాలా ఏళ్లు చేశాను. చివరి పోస్టింగు నాగర్‌కర్నూల్ దిక్కు ఒక మండల కేంద్రంలో. ఏ మండలమో చెప్పను. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకు నా నోటి దురద వల్ల ఇబ్బంది రాకూడదు.

ఆ గ్రంథాలయంలో చదువుకోవడానికి ఒకటే పెద్ద హాలు. పొద్దున తాళం తీసేసరికి పోటీ పరీక్షలకు చదివే మగపిల్లలు గేటు దగ్గర ఉండేవారు. క్షణంలో కుర్చీలన్నీ నిండిపోయేవి. ఆడపిల్లలు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగిపోయేవారు. వెనక ఒక గది ఉండేది, పాత పేపర్ల కట్టలతో, ఎలుకలతో. నేనూ మా పెద్దమ్మా కలిసి దాన్ని ఖాళీ చేసి, సున్నం కొట్టించి, మహిళల గది అని బోర్డు పెట్టాం.

పెద్దమ్మ అంటే మా స్వీపరు. ఊరందరికీ పెద్దమ్మే. ఔట్‌సోర్సింగు ఉద్యోగం, జీతం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆదివారం తెల్లచీర కట్టుకొని, బైబిలు చేతిలో పట్టుకొని చర్చికి పోయేది. అందులో ఒక్క అక్షరం చదవలేదు. ఎవరైనా చదివితే కళ్లు మూసుకొని వినేది. "సదువు రానోళ్లు పుస్తకం పట్టుకుంటే దేవుడు వద్దంటడా మేడమ్మా?" అని నన్నే అడిగేది.

ఆ గదికి వచ్చేవాళ్లలో ఒక పిల్ల ఉండేది. పిల్ల అంటున్నాను గానీ ఒక బిడ్డ తల్లి. కూలి చేసుకునే ఇల్లు. పెళ్లికి ముందే వనపర్తిలో డిగ్రీ చేసింది. భర్త పూనాలో సెంట్రింగు పని. పాపను అంగన్‌వాడీలో దింపి నేరుగా గ్రంథాలయానికి వచ్చేది, అంగన్‌వాడీ విడిచిపెట్టే దాకా తల ఎత్తేది కాదు. అత్త చెడ్డది కాదు. మిరపకాయలు ఏరి ఏరి వేళ్లు మండిపోయిన మనిషి. కోడలికి ఒక గడువు పెట్టింది. "ఈ ఒక్క ఏడాది చూస్తం. నౌకరి వచ్చిందా, మంచిదే. రాలేదా, నువ్వు గూడ పూనకు పోయి ఇటుకలు మొయ్యాలె. నా ఒక్కదాని కూలితోని ఎట్ల ఎల్లుతది?" అంది. అందులో నేను తప్పు పట్టేదేముంది? అంటే ఆ పిల్లకు ఆ ఏడాది, ఆ గది, అంతే ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

అప్పుడు డిజిటల్ వచ్చింది. ముసలి లైబ్రేరియన్లకు కంప్యూటరంటే భయమని ఒక ప్రచారం ఉంది. నాకేం భయం? మహిళల గదికి కంప్యూటర్లు వస్తున్నాయంటే సంబరపడి, ఇంటి నుంచి పసుపు కుంకుమ తెచ్చి బొట్లు పెట్టాను. పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, నమూనా పరీక్షలు అన్నీ ఒక పోర్టల్‌లో పెట్టారు. బాగుంది. దాని వెంటే ఒక ఉత్తర్వు వచ్చింది. అన్నీ పోర్టల్‌లో ఉన్నాయి కాబట్టి పోటీ పరీక్షల పుస్తకాలు ఇక కొనవద్దట. ఆ పోర్టల్ తెరుచుకోవాలంటే మాత్రం పాఠకురాలి ఆధార్‌కు కలిపిన ఫోనుకు ప్రతిసారీ ఓటీపీ రావాలట.

ఈ నిబంధన పెట్టిన మహానుభావుడు నాకు దొరికితే అడగాలని ఉంది. అయ్యా, మా పాలమూరు ఆడవాళ్లను నువ్వు ఎప్పుడన్నా చూశావా? మగవాళ్లలో సగంమంది పూనాలో, బొంబాయిలో పనిమీద ఉంటారు. ఇంటికి ఒకటే ఫోను, అది మగమనిషి జేబులో ఉంటుంది. ఆధార్‌కు కలిపిందీ ఆ నంబరే. ఏసీ గదిలో కూర్చొని నిబంధన రాసినవాడికి ఈ ముక్క తట్టలేదు.

మొదటి రోజు ఆ పిల్ల నా ఫోను అడిగి తీసుకొని భర్తకు చేసింది. నేను పక్కనే ఉన్నాను. గాలి హోరు, ఇనుము చప్పుడు, మధ్యలో అతని గొంతు.

"నీ ఫోన్ల ఒక నంబరొచ్చింటది. జర చూసి చెప్పు."

"ఏం నంబరే? నేను పైన సలాకలు కడుతున్న. చేతులు ఖాళీ లేవు."

"లైబ్రరీల సదువుకునేదానికి. జల్ది చెప్పు, టైం అయిపోతది."

"ఒక్క చెయ్యి ఇడిసిపెడితే కింద పడ్త. దిగినంక చెప్త. మేస్త్రి చూస్తుండు, పెట్టెయ్."

అతను కిందికి దిగి నంబరు చెప్పేసరికి దాని గడువు అయిపోయింది. మళ్లీ పంపమంటే, ఇక రేపు ప్రయత్నించండి అని తెర మీద వచ్చింది. ఇంకొక ఆమె భర్త అయితే నంబరు అడిగినందుకే కయ్యానికి దిగాడు. "ఎవరికీ చెప్పొద్దని ఫోన్ల రోజు మొత్తుకుంటుండ్రు, నువ్వు బ్యాంకుల పైసలన్ని ఊడ్పిస్తవా ఏంది?" అన్నాడట. పాపం, అతనిదీ తప్పు కాదు. నా నంబరు ఇద్దామంటే నేను సిబ్బందిగా నమోదైపోయాను, పాఠకురాలిగా ఒప్పుకోదు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, "మేడం, యూజర్లందరూ సొంత నంబరు తీసుకోవాలని అవగాహన కల్పించండి" అని ఒక తియ్యని గొంతు చెప్పింది. అవగాహనట! కూలి డబ్బుల్లో ఇంకో ఫోను ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తియ్యటి గొంతును ఒక్క పూట మిరపచేనులోకి పంపితే దానికే అవగాహన వచ్చేది.

వారం తిరక్కముందే గదిలో కంప్యూటర్ల మీద గుడ్డ కప్పేశాం. ఆడవాళ్లు చిరిగిపోయిన పాత పుస్తకాలే చేతులు మార్చుకుంటున్నారు. ఒకరోజు పెద్దమ్మ చీపురు గోడకు ఆనించి అడిగింది.

"ఏందమ్మా గిట్ల మూతులు ముడుచుకొని కూసున్నరు? గా డబ్బాలు పనిచేస్తలేవా?"

ఆ పిల్ల సంగతి చెప్పింది. పెద్దమ్మ నడుముకు కట్టుకున్న సంచీలోంచి తన చిన్న కీప్యాడు ఫోను తీసి బల్ల మీద పెట్టింది. వితంతు పింఛను కోసం తన పేరు మీదనే సిమ్ము తీసుకొని ఆధార్‌కు కలిపి ఉంది.

"గింతదానికే పరేషానా? నాకు వచ్చేది చర్చి ఫోనొకటి, కొడుకు ఫోనొకటి. నా నంబరు కొట్టుండ్రి. నాకెట్లైనా సదువు రాదు, నా పేరు మీద మీరు సదువుకోండ్రి" అంది.

ఔట్‌సోర్సింగు మనిషి గనుక సిబ్బంది జాబితాలో ఆమె పేరు లేదు. అట్లా పెద్దమ్మ పాఠకురాలైంది. ఒక్క పేరు మీద గదిలో ఉన్న కంప్యూటర్లన్నీ తెరుచుకున్నాయి. పోర్టల్ ఎందుకు ఒప్పుకుందో దాన్ని నడిపే కంపెనీవాడికే తెలియాలి. నేను చూస్తూనే ఉన్నాను, కాదనలేదు, ఇప్పుడు కూడా తప్పు చేశానని అనను. మా ఇంట్లో నాయిన నేస్తుంటే అమ్మ కండెలు చుట్టేది, మేనత్త పడుగు అతికేది, బడి నుంచి వచ్చి నేను దారాలు అందించేదాన్ని. నేతకార్డు ఒక్క నాయిన పేరు మీద ఉండేది. చేన్లకు కూలికి పోయేవాళ్లలోనూ అంతే, గుంపుకంతా కలిపి ఒకరి పేరే రాస్తారు. ఒక పేరు కింద పదిమంది పనిచేయడం మాకెవరికీ వింతగా తోచలేదు.

ఆ తర్వాత గది కళకళలాడింది. అందరూ పాఠాలు చూసేవారు. నమూనా పరీక్షలు మాత్రం ఆ పిల్ల ఒక్కతే రాసేది. మిగతావాళ్లు ఆమె వెనక నిలబడి, ఆమె జవాబు నొక్కాక "అదెట్ల?" అని అడిగి చెప్పించుకునేవారు. ఆమె ఒక్కోసారి విసుక్కునేది, అయినా చెప్పేది. మార్కులు వచ్చినప్పుడు పెద్దమ్మ తుడుపు గుడ్డ పక్కన పడేసి వచ్చేది. "నాకెన్ని వచ్చినయి బిడ్డా?" అని అడిగేది. గదంతా నవ్వులే. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ.

ఇక అసలు సంగతి. ఒకరోజు టపాలో రెండు కాగితాలు కలిసి వచ్చాయి. మొదటిదాంట్లో, పోర్టల్ నమూనా పరీక్షల్లో జిల్లాలో మొదటి స్థానం మా గ్రంథాలయ పాఠకురాలికి వచ్చిందనీ, ఆమెకు నాగర్‌కర్నూల్‌లో ఉచిత కోచింగు సీటు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఇస్తామనీ, సన్మానం చేయడానికి అధికారి స్వయంగా వస్తున్నారనీ ఉంది. కింద పెద్దమ్మ పేరు. రెండోదాంట్లో, మీ మహిళల గదిని ఒక్క పాఠకురాలు మాత్రమే వాడుతున్నట్టు డేటా చెబుతోంది కాబట్టి కంప్యూటర్లను జిల్లా కేంద్రానికి తరలిస్తామని ఉంది. రెండిటి మీదా ఒకే సంతకం! రోజంతా ఎడతెగకుండా చదివే ఈ ఒక్క పాఠకురాలు అన్నం ఎప్పుడు తింటుంది, ఒకేసారి నాలుగు తెరలు ఎట్లా చూస్తుంది అని సంతకం పెట్టినవాడికి ఒక్క అనుమానం రాలేదు. కళ్లున్నది దేనికండీ?

నేను ఆ పిల్లను పిలిచి మొదటి కాగితం చూపించాను. మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది.

"గిది నాకేనా మేడం?"

"నీకు కాకుంటే ఎవరికి? రాసింది నువ్వే కదా."

"కోచింగు దొరికితే మా అత్త గూడ ఏమనదు మేడం. బస్సు ఎట్లైనా ఆడోళ్లకు ఫ్రీయే. పొద్దున పోయి మాపటికి వస్త." ఆమె అప్పుడే బస్సు వేళలు లెక్క వేసుకుంటోంది. పేరు మార్పించడం ఎంతసేపు, మనిషి వస్తే ముఖాముఖి చెబితే అయిపోతుందని నేను ధైర్యం చెప్పాను. మనుషులు మాట వింటారని నాకు అప్పటికింకా నమ్మకం ఉంది.

సన్మానం రోజు పెద్దమ్మ ఎప్పటిలాగే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, కుర్చీలు వేసింది. ఫ్లెక్సీ మీద ఆమె ఆధార్ ఫోటో, కింద 'ఉత్తమ డిజిటల్ పాఠకురాలు'. అధికారి కారు దిగాడు. మెత్తగా మాట్లాడే మనిషి, నవ్వు ముఖం. పెద్దమ్మ ట్రేలో నీళ్లు తెచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన గ్లాసు అందుకొని, "కొంచెం పక్కకు జరుగమ్మా, ఆ మేడం ఏరీ, ఇంకా రాలేదా?" అని ఫ్లెక్సీ వైపు చూశాడు. అది చూసి మళ్లీ ఈమెను చూశాడు.

నేను ఏదో చెప్పబోయాను. ఈలోపే శాలువా, ఫోటోలు, మైకు. మైకు తన ముందుకు వచ్చేసరికి పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"సారూ, నాకు అక్షరం ముక్క రాదు. నేను ఊడుస్త, తుడుస్త. ఫోను నాది, పరీక్షలు రాసింది గా పిల్ల. గా శాలువ గూడ ఆమెకు కప్పుండ్రి. సీటు గూడ ఆమెకే ఇయ్యుండ్రి. నేను ముసల్దాన్ని కోచింగుకు పోయి ఏం జేస్త?"

హాలులో మగపిల్లలు చప్పట్లు కొట్టారు. అధికారి ముఖంలో నవ్వు మాత్రం పోయింది. మైకు ఆపించి, నా గదిలోకి నడిచాడు. వెనకే నేను, ఆ పిల్ల, పెద్దమ్మ.

"మేడం, ఏమిటిది? మీరు సీనియరు. ఒకరి పేరుతో ఇంకొకరు పరీక్ష రాయడమంటే మోసం కదా" అన్నాడు.

మోసం! ఓటీపీ కోసం పూనాలో ఆరో అంతస్తు మీద మనిషిని ఒంటి చేత్తో వేలాడదీసేది మోసం కాదు. పుస్తకాలు కొనడం ఆపేసి, కంప్యూటరుకు తాళం వేసి, తాళంచెవిని వేరే రాష్ట్రంలో పెట్టడం మోసం కాదు. ఇవన్నీ ఆయన ముందే అన్నాను. ఇప్పుడే, ఇక్కడే, ఏ పరీక్షైనా పెట్టండి, ఈ అమ్మాయి మీ ఎదురుగా రాస్తుంది అని కూడా అన్నాను. ఆ పిల్ల అప్పటికే పెన్ను తీసింది.

"నేను నమ్ముతున్నాను మేడం. నాకు బాధగానే ఉంది. కానీ డేటా మార్చే అధికారం నాకు లేదు. పోర్టల్‌లో ఏ పేరుంటే సీటు ఆ పేరుకే. ఒక పని చేయొచ్చు. ఈమెకు సీటు అవసరం లేదని రాసి వేలిముద్ర వేయిస్తే, జాబితాలో తర్వాతివాళ్లకు వెళ్తుంది. సీటు వృథా పోకుండా ఉంటుంది."

"తర్వాతివాళ్లంటే ఈ పిల్లకా?" అని అడిగాను.

"కాదు మేడం, ఈమె పేరు సిస్టంలోనే లేదు కదా."

కోపం లేదు, కసరడం లేదు, అంత మర్యాదగా చెప్పాడు. తిట్టే అధికారులను నేను చాలామందిని చూశాను, వాళ్లతో పోట్లాడటం తేలిక. ఇట్లా బాధపడుతూ గొంతు కోసేవాళ్లతో ఏం చేయాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఆయన వెంట వచ్చిన గుమస్తా కాగితం రాసేశాడు. ఇంకుప్యాడు తెరిచి పెద్దమ్మ ముందుకు జరిపాడు. పెద్దమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"గిండ్ల ఏం రాసిండ్రు సారూ?"

"మీకు సీటు వద్దని" అన్నాడు గుమస్తా.

"నేను ఎప్పుడు వద్దన్న? నాది కాదన్న. గిదీ గదీ ఒకటేనా? వద్దంటే ఇంకెవరికో పోతది. గా పిల్ల కష్టం ఇంకెవరికో నా వేలుతోని రాసిస్తనా? నా దేవుడు మెచ్చడు. నేనియ్య."

"అమ్మా, మీ మీద మెమో వస్తుంది. ఉద్యోగం పోవచ్చు" అన్నాడు అధికారి.

"ఊడ్సే కొలువు గదా సారూ. చీపురు ఏడికి పోయినా దొరుకుతది."

ఎంత చెప్పినా వినలేదు. అధికారి శాలువా ఆమె భుజం మీదే ఉంచి వెళ్లిపోయాడు. మరుసటి రోజు పేపర్లో ఫోటో వచ్చింది. స్వీపరమ్మ విజయం అని రాశారు. ఆమె మైకులో చెప్పిన మాట ఒక్కటి కూడా రాయలేదు. వాళ్ల పేపరుకు కూడా మంచి కథ కావాలి కదా.

నేను ఎక్కని మెట్టు లేదు. జిల్లా ఆఫీసుకు పోయాను, హైదరాబాదుకు పోయాను, పోర్టల్ నడిపే కంపెనీకి రాశాను. ఒక చోట ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో చోట మీ అర్జీ పరిశీలనలో ఉందన్నారు. కంపెనీ నుంచి మాత్రం జవాబు వచ్చింది. అభ్యర్థి సొంత నంబరుతో కొత్తగా నమోదు చేసుకొని వచ్చే ఏడాది ప్రయత్నించవచ్చట. వచ్చే ఏడాది! ఈలోపు ట్రాలీ ఆటో వచ్చి కంప్యూటర్లను ఎక్కించుకొని పోయింది. నాకు మెమో వచ్చింది. దానికి నేను రాసిన జవాబు చదివి మా క్లర్కు, "మేడం, రిటైర్‌మెంటు ముందు ఎందుకు మేడం" అని బతిమాలాడు. అక్షరం మార్చకుండా పంపించాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలారా, మీ ముందు రేపు పెద్ద తెర పెడతారు. దాని మీద గీతలు, రంగులు, ఎంతమంది పాఠకులో అంకెలు వస్తాయి. దాన్ని చూడండి, వద్దనను. కానీ ముందు కుర్చీలోంచి లేచి గదిలోకి వెళ్లి మనుషులను చూడండి. రెండింటికీ పొంతన కుదరకపోతే తెర మీద సంతకం పెట్టకండి. మీ మెతక సంతకంతో ఎవరి ఇల్లు కూలుతుందో మీకు తెలియను కూడా తెలియదు.

కోచింగు మొదలైంది. పెద్దమ్మ వేలిముద్ర వేయలేదు కాబట్టి ఆ సీటు ఇంకెవరికీ పోలేదు, ఆ పిల్లకూ రాలేదు. ఆమె కొన్నాళ్లు పాత పుస్తకాలతోనే కుస్తీ పట్టింది. వాళ్ల అత్త ఒకరోజు నా దగ్గరికి వచ్చి నిలబడింది. "ఫస్టు వచ్చినా సీటియ్యలేదంటే ఇగ నౌకరి ఎవరిస్తరమ్మా? నేను మాత్రం ఏం జెయ్యాలె?" అంది.

పూనా బస్సుకు పోయే రోజు ఆ పిల్ల మాకు చెప్పిపోదామని వచ్చింది. చేతిలో సంచి, చంకలో పాప. తీసుకున్న పుస్తకాలు బల్ల మీద పెట్టి, నాకు దండం పెట్టింది. పెద్దమ్మ పాప బుగ్గలు నిమురుతుంటే నడుము సంచీలో ఫోను మోగి ఆగింది. మెసేజీ. పెద్దమ్మ ఫోను తీసి అలవాటుగా ఆ పిల్ల చేతికే ఇచ్చింది.

ఆమె సంచి కింద పెట్టి చదివింది. నేను వంగి చూశాను. 'ప్రియమైన అభ్యర్థీ, ఈరోజు మీరు తరగతికి హాజరు కాలేదు. మీ భవిష్యత్తు మీ చేతుల్లోనే ఉంది' అని ఉంది.

"ఏమంటున్నరు బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"నేను ఇయాల గూడ క్లాసుకు రాలేదంట పెద్దమ్మా" అని ఆ పిల్ల ఫోను ఆమె చేతిలో పెట్టి, సంచి ఎత్తుకుంది. బయట అత్త బస్సొచ్చిందని పిలుస్తోంది.